ఆ 23 మంది, ఈ ఇద్దరు: మరణశిక్ష గురించి శ్రీసభ ఏమంటోంది?

ఈమధ్య ఒక శనివారం సాయంత్రం వింజమూరులో ఒక విశ్వాసి ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్లాను. జపమాల అయింది, వాక్యం చదివాం. విశ్వాసుల విన్నపాల దగ్గర పదో తరగతి చదివే అమ్మాయి కాగితం మీద రాసుకొచ్చిన ప్రార్థన చదివింది. వ్యాధిగ్రస్తుల కొరకు, వానల కొరకు, చివరగా చెరసాలల్లో ఉన్నవారి కొరకు, ఉరిశిక్ష పడినవారి కొరకు. అందరూ బదులు పలికారు, ఒక పెద్దాయన తప్ప.

ప్రార్థన ముగిసి కాఫీలు ఇస్తున్నప్పుడు ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నారు. "సామీ, ఉరిశిక్ష పడినోళ్ల కోసం ప్రార్థన ఏంది? చిలకలూరిపేట బస్సు అప్పుడే మర్చిపోయినామా?" అన్నారు. వానలు లేని ఏళ్లలో మన మెట్ట ప్రాంతం నుంచి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు జనం పోవడం మీకు తెలిసిందే. ఆ రోజుల్లో ఈయన మేస్త్రీగా కూలీలను వెంటబెట్టుకుని వెళ్లేవారట. "ఆ నరసరావుపేట దోవలో ఎన్నిసార్లు తిరిగినానో. ఒక్కరోజు అటూ ఇటూ అయుంటే మా ఇంటోళ్లే అందులో ఉండేవాళ్లు" అన్నారు. 

ఆ అడగడంలో వెటకారం లేదు, బాధ ఉంది. అందువల్ల రెండు ముక్కల్లో సమాధానం చెప్పి లేచి రాలేకపోయాను. చెప్పిందేమో ఆయనకు చాలినట్టు లేదు. ఈ వారం పాఠం ఆయన ప్రశ్న మీదనే.

పిల్లల కోసం మొదట జరిగింది చెప్పాలి. 1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వెళ్తున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు యువకులు ప్రయాణికులను దోచుకోబోయారు. వారు సాతులూరి చలపతిరావు, గంటెల విజయవర్ధనరావు. బెదిరించడానికి వెంట పెట్రోలు తెచ్చుకున్నారు. బస్సులో చల్లారు. నిప్పు అంటుకుంది. సీట్లలో నిద్రమత్తులో ఉన్నవారికి తలుపు దాకా వెళ్లే వ్యవధి కూడా దొరకలేదు. 23 మంది చనిపోయారు. కొందరు ఒళ్లంతా కాలిన గాయాలతో బయటపడ్డారు. మార్చి 8 అంతర్జాతీయ మహిళా దినోత్సవం. ఆనాడు ఉదయం ఎన్నో ఊళ్లలో సభలు జరుగుతుంటే చిలకలూరిపేట వైపు ఇళ్లలో ఏడ్పులు వినిపించాయి.

ఆ ఇద్దరూ ఇరవై ఏళ్లు దాటిన కుర్రాళ్లు, దళితులు, పేదవారు. తరువాత వారి తరఫున మాట్లాడిన వారందరూ ఒక విషయం గట్టిగా చెప్పారు: వారు చంపాలని ఎక్కలేదు, దోచుకోవాలని ఎక్కారు. అది నిజమే కావచ్చు. అయితే తెల్లవారుజామున జనంతో ఉన్న బస్సులో పెట్రోలు చల్లిన చెయ్యి ఏం జరుగుతుందో తెలియని చెయ్యి కాదు. ఈ విషయంలో నేను పెద్దాయన పక్షమే. నేరాన్ని చిన్నది చేసి చూపించి ఆ తరువాత కనికరం గురించి బోధించడం మోసం. 23 మంది అంటే 23 ఇళ్లు. వారి కొరకు పూజ చెప్పించిన తరువాతే మిగతా మాట.

1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువపరచనిదే అమలు చేయకూడదని చట్టం. హైకోర్టు ధ్రువపరిచింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎ.ఎస్.ఆనంద్, జస్టిస్ కె.టి.థామస్ గార్ల ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. ఈ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. అందుకు కారణం వేరు. గాయపడినవారు బ్రతకరేమోనని మేజిస్ట్రేటు వారి మాటలను రాసుకున్నారు. వారిలో కొందరు బ్రతికారు. మనిషి బ్రతికాక అది మరణ వాంగ్మూలం అవుతుందా? కాదన్నారు న్యాయమూర్తులు. వారు కోర్టుకు వచ్చి చెప్పిన సాక్ష్యానికి బలం చేకూర్చడానికి మాత్రమే దాన్ని వాడుకోవచ్చన్నారు. ఇంత జాగ్రత్తగా సాక్ష్యాన్ని తూచిన తీర్పు ఇది. కాబట్టి నిర్దోషులకు శిక్ష పడిందన్న వాదన ఈ కేసులో మనకు అక్కర లేదు. మరణశిక్షకు వ్యతిరేకంగా మాట్లాడేవారు సాధారణంగా నిర్దోషి కథతో మొదలుపెడతారు. అది సులువైన దారి. దోషి దోషేనని తెలిసినప్పుడు ఏమంటావు అన్నదే కష్టమైన ప్రశ్న. శ్రీసభ జవాబు చెబుతున్నది ఆ ప్రశ్నకే.

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. హత్యకు యావజ్జీవ శిక్ష సాధారణం, ఉరి అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లో మాత్రమే. ఈ బస్సు కేసు అలాంటిదని అన్ని కోర్టులూ భావించాయి. క్షమాభిక్ష కోసం పెట్టుకున్న అర్జీని అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ గారు తిరస్కరించారు. రాజమండ్రి కేంద్ర కారాగారంలో ఉరికి తేదీ ఖరారైంది: 1997 మార్చి 29.

ఆ సంవత్సరపు క్యాలెండరు ఉన్నవారు తీసి చూడండి. ఈస్టరు మార్చి 30న వచ్చింది. మార్చి 28 పవిత్ర శుక్రవారం. పవిత్ర శనివారం తెల్లవారుజామున ఇద్దరు మనుషులను ఉరితీయడానికి మన రాష్ట్రంలో ఏర్పాట్లు జరుగుతున్నాయి!

అప్పట్లో నేను తత్వశాస్త్రం చదువుకుంటున్న గురువిద్యార్థిని. పవిత్ర వారం సేవకు ఒక పల్లెకు పంపారు. ఆ మధ్యాహ్నం ఎండలో పద్నాలుగు స్థలాలూ తిరిగి సిలువ మార్గం చేశాం. న్యాయాధిపతి ముందు నిలబడిన క్రీస్తు ప్రభువు, మరణానికి తీర్పు పొందిన క్రీస్తు ప్రభువు, ఇద్దరు దొంగల నడుమ వేలాడిన క్రీస్తు ప్రభువు. నేనే పాట ఎత్తుకున్నాను. సాయంత్రం సార్వత్రిక ప్రార్థనల్లో చివరిది కష్టాల్లో ఉన్నవారి కొరకు. అందులో చెరసాలల మాట వస్తుంది. నేను ఆ మాట చదివాను కూడా. రాజమండ్రి మాత్రం నా మనసులోకి రాలేదు. పేపర్లో ఆ వార్త వస్తూనే ఉంది, నేను చూడలేదనడానికి వీల్లేదు. చూసి పక్కన పెట్టాను. ఈస్టరు తరువాత పేపరు తిరగేస్తుంటే ఉరి ఆగిందని తెలిసింది. ఉరికి కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఆ స్టే దానంతటదే రాలేదు. పౌరహక్కుల వారు, న్యాయవాదులు, రచయితలు పరుగులు పెట్టారు. కె.జి.కన్నబిరాన్ గారి వంటి న్యాయవాదులు, బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి గారి వంటివారు ఆ ఇద్దరి ప్రాణాల కోసం మాట్లాడారు. మళ్లీ అర్జీ వెళ్లింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు ఉరిని యావజ్జీవ శిక్షగా మార్చారు. దళిత కుటుంబం నుంచి వచ్చి మన దేశానికి రాష్ట్రపతి అయిన మొదటి వ్యక్తి ఆయన. ఉరి తప్పింది గాని జైలు తప్పలేదు. ఆ తరువాత ఏళ్లకు ఏళ్లు ఆ గోడల మధ్యనే గడిచాయి. ఇక్కడ ఒక మాట రాయక తప్పదు. ఆ పరుగులు పెట్టినవారిలో చాలామంది గుడికీ చర్చికీ వెళ్లేవారు కాదు. పవిత్ర శుక్రవారం నాడు వారు వకాలతునామాలు పట్టుకుని తిరుగుతుంటే నేను సిలువను ముద్దు పెట్టుకోవడానికి వరుసలో నిలబడ్డాను.

ఇక శ్రీసభ బోధన. ప్రియ సహోదరీ సహోదరులారా, "శ్రీసభ మొదటినుంచీ మరణశిక్షను ఖండించింది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అది నిజం కాదు. పునీత అక్వినాసు తోమాసు గారు దాన్ని సమర్థించారు. సెమినరీలో మేము ఆ భాగాన్ని పరీక్షకు చదివాం. కుళ్లిన అవయవం ఒంటినంతటినీ చెరిపేటట్లుంటే వైద్యుడు దాన్ని కోసివేస్తాడు, అలాగే సమాజానికి ప్రమాదమైన మనిషిని పాలకుడు తొలగించవచ్చు అన్నది ఆయన ఉపమానం. దాని మీద ఎవరైనా వేయగల ప్రశ్నను ఆయనే వేసుకున్నారు: మనిషి కాలూ చెయ్యీ వంటివాడు కాదు కదా, అతనికి తనదంటూ ఒక విలువ ఉంది కదా? దానికి ఆయన చెప్పిన సమాధానం ఏమంటే, ఘోరపాపం చేసినవాడు ఆ మానవ గౌరవం నుంచి తానే కిందికి జారిపోతాడని.

వాదమంతా ఆ ఒక్క మెట్టు మీదే నిలబడి ఉంది. చేసిన పని వల్ల మనిషి మనిషితనాన్ని పోగొట్టుకుంటాడా? పోగొట్టుకుంటాడంటే పెద్దాయన చెప్పింది సరి, ఆ అమ్మాయి ప్రార్థన అనవసరం. పోగొట్టుకోడంటే తక్కిన వాదమంతా మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి. ఆదికాండంలో కయీను సంగతి చూడండి. సొంత తమ్ముణ్ణి చంపినవాడు. దేవుడు అతణ్ణి శిక్షించకుండా వదలలేదు, దేశదిమ్మరిని చేశాడు. కాని ఎవరూ అతణ్ణి చంపకుండా గుర్తు కూడా వేశాడు. శిక్ష ఉంది, ప్రాణానికి కాపలా కూడా ఉంది. రెండూ ఒకే దేవుని చేతి నుంచే వచ్చాయి.

శ్రీసభ ఈ మెట్టును ఒక్కసారిగా దాటలేదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం అత్యంత ఘోరమైన నేరాల్లో పాలకులకు ఆ అధికారం లేదనలేదు. 1995 మార్చి 25న, మంగళవార్త పండుగ నాడు, రెండవ జాన్ పాల్ పాపుగారు జీవపు సువార్త అనే విశ్వలేఖను వెలువరించారు. సమాజాన్ని కాపాడుకోవడానికి వేరే దారి ఏమాత్రం లేనప్పుడు తప్ప మరణశిక్ష తగదని, నేటి చెరసాలల వ్యవస్థలో అటువంటి సందర్భాలు దాదాపుగా లేవని అందులో రాశారు. గుంటూరు కోర్టు తీర్పు వచ్చిందీ ఆ ఏడాదే. ఆ విశ్వలేఖ అప్పుడు మన విచారణల్లో ఎందరి చేతికి వచ్చిందో, వచ్చినా ఎందరం దాన్ని ఈ కేసుతో కలిపి చదివామో నాకు అనుమానమే. 1997లో సత్యోపదేశంలోని ఆ భాగాన్ని దానికి తగినట్టు సవరించారు. 2018 ఆగస్టులో ఫ్రాన్సిస్ పాపుగారు 2267వ సంఖ్యను పూర్తిగా తిరగరాయించారు. మహా ఘోరమైన నేరం చేసినా మనిషి గౌరవం పోదు, కాబట్టి మరణశిక్ష ఒప్పుకోదగినది కాదు అన్నది ఇప్పటి బోధన. చూశారా, పునీత తోమాసుగారు వేసుకున్న ప్రశ్నకు శ్రీసభ మరో సమాధానం చెప్పింది. ఆయన్ని కాదనడానికి కాదు. పటిష్ఠమైన చెరసాలలూ జైలు కట్టుబాట్లూ లేని కాలంలో ఆయన రాశారు. ఊరిని కాపాడటానికి మనకు ఇప్పుడు వేరే దారి ఉంది.

పెద్దలు ఇంకో మాట అంటారు. చావు ఎదురుగా ఉంటేనే వాడికి పశ్చాత్తాపం వస్తుంది, అప్పుడూ మారనివాడు ఎప్పటికీ మారడు అని. దీనికి సమాధానం పునీత మరియ గొరెట్టి గారి కథలో ఉంది. 1902లో ఆ పన్నెండేళ్లు నిండని పాపను పొడిచి చంపిన అలెస్సాండ్రో సెరెనెల్లికి అప్పుడు ఇరవై ఏళ్లు. ఇటలీ చట్టం ప్రకారం ఇంకా మైనరు గనుక ముప్పై ఏళ్ల శిక్ష పడింది. మొదటి కొన్నేళ్లు అతనిలో పశ్చాత్తాపం అనే జాడే లేదు. తరువాతెప్పుడో చెరసాలలో, నిదానంగా, మనసు మారింది. విడుదలైన తరువాత మరియ గొరెట్టి తల్లి దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగాడు. ఆ తల్లి క్షమించింది. ఇద్దరూ ఒకే పూజలో దివ్యసత్ప్రసాదం స్వీకరించారు. తొందరపడి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. పశ్చాత్తాపానికి మనం గడువు పెట్టలేం.

"ఇవన్నీ ఇటలీ కథలు సామీ" అంటారని తెలుసు. మన దేశంలోకే వద్దాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల సేవకు వచ్చిన గ్రాహం స్టెయిన్స్ గారిని, ఫిలిప్, తిమోతి అనే ఆయన ఇద్దరు పిల్లలను, వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టారు. చిన్నవాడికి ఆరేళ్లు. ఆ వార్త విన్న రోజున మనలో ఎంతమంది ఆ హంతకులకు ఉరి కోరుకోలేదు? నా వరకు నేను కోరుకున్నాను. అప్పుడు మంటల్లో ఉన్నవారు మనవారు. 2003లో కింది కోర్టు దారా సింగ్‌కు ఉరి వేసింది. 2005లో ఒడిశా హైకోర్టు దాన్ని యావజ్జీవానికి మార్చింది. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఆ భార్య, ఆ తల్లి, గ్లాడిస్ గారు, ఆ దినాల్లోనే బహిరంగంగా క్షమించానని చెప్పారు. చెప్పి వెళ్లిపోలేదు, ఆ కుష్ఠురోగుల దగ్గరే ఇంకొన్నేళ్లు సేవ చేశారు. ఆమె కతోలికురాలు కాదు, అయినా మన సత్యోపదేశం 2018లో రాసుకున్నది ఆమె 1999లోనే చేసి చూపించారు.

ధన్య రాణి మరియ గారి సంగతి మఠకన్యల ద్వారా మీలో చాలామంది విన్నారు. 1995 ఫిబ్రవరి 25న మధ్యప్రదేశ్‌లో, ఇండోరుకు వెళ్లే బస్సులో ప్రయాణికులందరి ఎదుటా ఆమెను పొడిచి చంపారు. పొడిచినవాడు సమందర్ సింగ్. వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి పేద రైతులను, గిరిజనులను బయటకు తెస్తున్నందుకు ఆమె మీద పగబట్టినవారు చేయించిన పని అది. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2002లో రాణి మరియ గారి సొంత చెల్లెలు, ఆమె కూడా మఠకన్యే, సిస్టర్ సెల్మీ పాల్, జైలుకు వెళ్లి అతని చేతికి రాఖీ కట్టారు. 2006లో విడుదలయ్యాక అతను కేరళ వెళ్లి ఆ కుటుంబం ముందు నిలబడ్డాడు. 2017 నవంబరు 4న ఇండోరులో ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. ఉరి వేసి ఉంటే రాఖీ కట్టడానికి చెయ్యి ఉండేది కాదు.

ఇది కేవలం క్షమాపణ సంగతే కాదు, న్యాయం సంగతి కూడా. చిలకలూరిపేట కేసులో ఆనాడు పౌరహక్కులవారు ఒక ప్రశ్న వేశారు. మన పక్క జిల్లాల్లోనే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. అక్కడ ఎవరికి ఉరి పడింది? ఎవరికీ పడలేదు. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2008 వచ్చింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వారికి ఉరి వేయాల్సిందని నేను అనడం లేదు, అలా అంటే ఈ పాఠం నేనే కొట్టేసుకున్నట్టు. ఉరితాడు ఎవరి మెడ వెతుక్కుంటూ వెళ్తుందో చూడమంటున్నాను. మన దేశంలో మరణశిక్ష పడినవారిని కలిసి ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారు 2016లో ఒక నివేదిక ప్రచురించారు. నూటికి 74 మంది ఆర్థికంగా చితికినవారే. మంచి లాయరును పెట్టుకోలేనివాడికే ఆఖరి శిక్ష పడుతున్నదంటే, నేరంతోపాటు పేదరికాన్ని కూడా తూకంలో వేస్తున్నామన్నమాట. మన విచారణల్లో ఎక్కువమంది ఏ వైపు ఉన్నవారో నేను చెప్పనక్కర లేదు.

పెద్దాయన అడిగిన దాంట్లో ఇంకో సగం మిగిలింది. ఆ 23 మంది సంగతి ఏమిటి? నిజం చెప్పాలంటే మనకు వారి పేర్లు తెలియవు. చంపినవారి పేర్లు అందరికీ తెలుసు, నేనూ రెండు పేర్లూ రాశాను. చనిపోయినవారు ఒక అంకె అయిపోయారు. ఉరిశిక్ష వేస్తే చాలు, బాధితులకు న్యాయం జరిగిపోయిందనుకునే అలవాటు మనకు ఉంది. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి బడి ఫీజు ఉరితాడు కట్టదు. బాధితులకు పరిహార పథకం ప్రతి రాష్ట్రంలో ఉండాలని చట్టంలో ప్రత్యేక నిబంధన చేరింది 2009లో, ఈ బస్సు కాలిన పదహారేళ్లకు. ఇప్పుడు హత్యకు గురైనవారి కుటుంబాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ వీధిలో అటువంటి ఇల్లు ఉంటే ఈ సంగతి వారికి చెప్పండి. దరఖాస్తు రాయడం రాకపోతే గుడి దగ్గరకు తీసుకురండి, నేను రాసిపెడతాను.

ఆ శనివారం రాత్రి నేను ఇంత వివరంగా చెప్పలేదు. సగం చెప్పాను, సగం తడబడ్డాను. ఆ ఇంటి అమ్మ అందుకుని, "అయితే ముందు బస్సులో పోయినోళ్లకు చెప్పుకుందాం స్వామీ" అంది. మళ్లీ మోకరించాం. ఒక్కొక్కరికి ఒకటి చొప్పున 23 మంగళవార్త జపాలు చెప్పాం. మధ్యలో లెక్క తప్పితే ఆ పదో తరగతి అమ్మాయి సరిచేసింది. పెద్దాయన గొంతు అందరికంటే పైకి వినిపించింది. 23 అయిన తరువాత ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఇంకో రెండు చెప్పాలా అన్నట్టు. నేను తల ఊపాను. పెద్దాయన లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, గడప దాటి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఆ రెండూ చెప్పాం.

వచ్చే శనివారం ప్రార్థన ఆయన ఇంట్లోనే. తప్పకుండా రమ్మని మొన్న కబురు పంపారు.